తొండ నాలుగు దండీలు తీసి ఎందుకు ఆగుతుంది?

ఒకప్పుడు తొండ మెడ ఎర్రగా ఉండేది కాదు. వీపు మీద ముళ్ల వరుస కూడా ఉండేది కాదు. తల నుంచి తోక దాకా నున్నగా, ఎండుటాకు రంగులో ఉండేది. ఇంకో సంగతి చెబితే మీరు నమ్మరు. అప్పట్లో తొండకు ఆగడమే తెలియదు. పరుగు మొదలుపెడితే పరుగే, ఎక్కడం మొదలుపెడితే ఎక్కడమే.

అట్లాంటి తొండల్లోకెల్లా ఆగని తొండ సుంకన్న.

ఎర్రమన్ను సీమలో ఒక రాళ్లగుట్ట మీద ఉండేవాడు. ఆ గుట్ట నెత్తిన వెడల్పాటి బండ ఒకటి ఉంది. గొర్రెలు కాసేవాళ్లు దాని మీద కూర్చుని సద్ది తినేవాళ్లు కాబట్టి దానికి సద్దిబండ అని పేరు. గుట్టంతా రాయే అయినా సద్దిబండ కింద మాత్రం పిడికెడు మెత్తటి మన్ను ఉంది. వాన నీళ్లు అక్కడికి రావు. అందుకే తొండలు అక్కడే గుడ్లు పెట్టేవి.

ఆ ఏడు సుంకన్న చెల్లెలు ఓబుళమ్మ అక్కడ పదకొండు గుడ్లు పెట్టింది. ఆమె మొగుణ్ణి అంతకుముందే డేగ ఎత్తుకుపోయింది. ఇక ఆ గుడ్లకు దిక్కూ మొక్కూ ఎవరు? మేనమామే కదా! సుంకన్న రోజుకు పదిసార్లు వచ్చి మట్టికి చెవి ఆనించి వినేవాడు.

"కదుల్తాండారు మ్మే ఓబుళా! నా మేనల్లుళ్లు కదుల్తాండారు!" అని గంతులేసేవాడు.

"గుడ్లు పెట్టి ఐదు రోజులు గూడా కాలేదు కదన్నా. అప్పుడే ఏం కదల్తారు?" అని నవ్వేది ఓబుళమ్మ.

అంత సంబరంగా ఉన్న సమయంలో ఆ గుట్టకు ఉడుము వచ్చింది.

దాని పేరు కంబగిరి. మూరెడు ఒళ్లు, మూరెడు తోక. ఉడుం పట్టు అంటారే, ఆ పట్టు. గోడకు అతుక్కుంటే నలుగురు లాగినా రాదు. కరువొచ్చి కింద వాగు ఎండిపోతే తిండి వెతుక్కుంటూ గుట్ట ఎక్కింది. సద్దిబండ కింద ముక్కు పెట్టి వాసన చూసింది. రెండు చీలికల నాలుక బయటికి పెట్టి లోపలికి తీసుకుంది.

"గుడ్లు!" అంది. "ఈ బండ ఇంక నాది."

ఓబుళమ్మ గుడ్లను వేరేచోటికి మారుద్దామా అంటే కుదరదు. తొండ గుడ్డును ఒకసారి మట్టిలో పెట్టాక కదిలించారో, లోపల ఉన్న పిల్ల బతకదు. బండ పోతే పదకొండు గుడ్లూ పోయినట్టే.

సుంకన్న ఒక్క గంతులో ఉడుము ముందు వాలాడు. ఉడుము కాలిగోరంత ఉన్నాడు. అయినా మెడ ఎత్తి నిలబడ్డాడు.

"ఏయ్! గుట్టకు కట్టుబాటుండాది. బండ కావాలంటే గాలిపట్టు పట్టాల!"

గాలిపట్టు అంటే ఏమిటో చెబుతాను. ముంగారు వానలకు, అదే తొలకరికి, ముందు మొదటి గాలి వస్తుంది చూడండి, ఇంటిపై రేకులు లేపేసే గాలి, ఆ రోజు పోటీదారులు ఇద్దరూ సద్దిబండ మీద నిలబడాలి. ముంజేతుల మీద ఒళ్లెత్తి, తల పైకి పెట్టి గాలికి ఎదురు నిలవాలి. కాళ్లు ఆనొచ్చు, తోక ఆనొచ్చు. పొట్ట మాత్రం బండకు తగలకూడదు. ఎవరి పొట్ట ముందు తగిలితే వాళ్లు ఓడినట్టు. గెలిచినవాళ్లదే ఏడాదంతా బండ. ఓడినవాళ్లు మాట తప్పితే ముంగారు గాలే వాళ్లను గుట్ట కిందికి దొర్లిస్తుంది. అందుకే ఆ కట్టుబాటును ఎవరూ దాటరు.

కంబగిరి పకపకా నవ్వింది. "నువ్వా అబ్బీ నాతో పట్టేది? సరే కానీ. గాలి ఎప్పుడొస్తాది?"

"ఇంకా నెల దినాలుండాది," అంది తీర్పరి కౌజుపిట్ట రాళ్ల సందు నుంచి తల బయటపెట్టి. ఎక్కడ పోటీ ఉన్నా ఆమె హాజరు. గొంతు గుట్టంతా వినబడుతుంది.

నెల రోజులు! సుంకన్నకు ఒళ్లంతా ఉత్సాహం పొంగింది. ఆ పూటే సాధన మొదలుపెట్టాడు.

దండీలు! ముంజేతుల మీద లేవడం, దిగడం. లేవడం, దిగడం. మొదటిరోజు పది తీసేసరికి నాలుక బయటికొచ్చింది. మూడోరోజు ఇరవై. ఆరోరోజు నలభై! చేతులు రాయిలా గట్టిపడ్డాయి. తొమ్మిదోరోజు డెబ్బై! గుట్టలోని మిడతలు, జెర్రులు, బల్లులు వచ్చి వరుసగా కూర్చుని లెక్కపెట్టేవి.

పన్నెండోరోజు నూరు!

"నూరూ! నూరూ! నూరూ!" అని కౌజుపిట్ట గొంతు చించుకుంది. మిడతలు ఎగిరాయి. ఓబుళమ్మ కళ్లల్లో నీళ్లొచ్చాయి. సుంకన్న ఆ రోజు గాల్లో తేలిపోయాడు. తొండ పుట్టుక పుట్టి నూరు దండీలు తీసినవాడు అంతకుముందు లేడు మరి.

అక్కడ ఆగి ఉంటే ఈ కథ లేదు. ఆగలేదు కాబట్టే చెబుతున్నాను.

మరుసటిరోజు నూట పది తీద్దామని దిగాడు. ఎనభై దగ్గర చేతులు వణికాయి. "ఏందిది?" అనుకున్నాడు. తక్కువ చేశాను కాబట్టే తగ్గిందనుకున్నాడు. మధ్యాహ్నం ఎండలో ఇంకోసారి తీశాడు. సాయంత్రం మరోసారి తీశాడు. మర్నాడు అరవై దగ్గరే ఆగిపోయింది. దాంతో తెల్లవారకముందే లేచి తీయడం మొదలుపెట్టాడు.

ఎంత ఎక్కువ చేస్తే అంత తగ్గుతోంది. ఎంత తగ్గితే అంత ఎక్కువ చేస్తున్నాడు. తొండ బుర్ర మరి, ఏం చేస్తాం! తొండలనే అనడం దేనికి, మనలోనూ ఉన్నారు అట్లాంటివాళ్లు.

తిండి సయించలేదు. పడుకుంటే నిద్ర రాలేదు. ముక్కు మీద ఈగ వాలితే నాలుక చాచి పట్టుకునే ఓపిక లేదు. ఈగ కాసేపు కూర్చుని, విసుగొచ్చి, తనే వెళ్లిపోయింది. ఇంకో విచిత్రం ఏమిటంటే, మేనల్లుళ్ల కోసం ఇదంతా చేస్తున్నవాడు మట్టికి చెవి ఆనించి వినడమే మానేశాడు.

ఆ పక్కన కంబగిరి ఏం చేస్తోంది? పొద్దునే ఇరవై దండీలు తీసేది. తర్వాత కడుపునిండా పురుగులు తినేది. తర్వాత కలబంద నీడలో గురక పెట్టి నిద్రపోయేది. ఒకరోజు సాధన, ఒకరోజు ఊరికే ఎండలో పడక.

"చూడు చూడు, సోమరిపోతు! వాడు నిద్రపోతాండాడు, నేను దండీలు తీస్తాండా. ఇంక గెలుపు నాదే!" అని సుంకన్న అందరికీ చూపించి నవ్వాడు.

"అన్నా, పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగేది మేలంటారు," అంది ఓబుళమ్మ మెల్లగా. "రవ్వంత కూర్చోరాదా?"

"నాకు నీళ్లొద్దు, పాలే కావాల! నువ్వు నోరు మూసుకో!" అని కసిరాడు సుంకన్న.

చెల్లెల్ని కసరడం అతని పుట్టుకలో లేదు. ఓబుళమ్మ బిత్తరపోయింది. కసిరినందుకు సుంకన్నకే బాధేసింది. బాధేసి ఏం చేశాడు? పోయి ఇంకో ముప్పై దండీలు తీశాడు.

ఇరవై నాలుగోరోజు ఒళ్లు తెల్లగా పాలిపోయింది. కళ్లు మసకబారాయి. కుబుసం వచ్చింది.

కుబుసం అంటే తెలుసుగా? పాముల్లాగే తొండలు కూడా పాత తోలు వదిలి కొత్త తోలు తొడుక్కుంటాయి. ఆ మూడు రోజులూ ఏ తొండైనా నీడలో కదలకుండా పడుకోవాలి. లోపలి తోలు చంటిబిడ్డ బుగ్గలా ఉంటుంది, అది గట్టిపడాలి. తాతల నాటి నుంచి అదే ఆచారం. ఎంత తొందర పనున్నా, పెళ్లి ముహూర్తమైనా సరే, కుబుసం వస్తే పడకే.

"మూడు దినాలా? పోటీ ఇంకా ఆరు దినాలే ఉంటే మూడు దినాలు పడుకునేదా!" అన్నాడు సుంకన్న.

తుమ్మచెట్టు మొదలుకు వీపు ఆనించి బరబరా రుద్దాడు. రాని తోలును పళ్లతో లాగాడు. అది ముక్కలు ముక్కలుగా చిరిగింది. వీపు మీద ఊడినచోట ఊడి, ఊడనిచోట పేలికలు పేలికలుగా లేచి నిలబడింది. లోపలి పచ్చి తోలుతోనే కాలే సద్దిబండ ఎక్కాడు. కౌజుపిట్ట లెక్కపెట్టడం మానేసి నోరు తెరిచి చూసింది.

ఒకటి. రెండు. మూడు. నాలుగు.

ఐదోదానికి మెడ కింద తోలు టప్పున చిట్లింది. మెడంతా నెత్తురు. చేతులు రెండూ ఒకేసారి ముడుచుకుపోయాయి. సుంకన్న బండ మీద నుంచి దొర్లి, రాయి మీద నుంచి రాయి మీద పడుతూ, గుట్ట కింద ఎర్రచేలో వెల్లకిలా పడ్డాడు.

నీడలోంచి కంబగిరి ఒక కన్ను తెరిచింది. "అయిపాయెనా?" అంది. మళ్లీ కన్ను మూసుకుంది.

ఓబుళమ్మ గుట్ట దిగి పరిగెత్తింది. అన్న మెడ చూసి ముందు ఏడ్చింది. తర్వాత కోపమొచ్చింది.

"నా గుడ్ల కోసమని చెప్తివి! ఇప్పుడు నువ్వే నా గుడ్లను తీసకపోయి ఆ ఉడుము నోట్లో పెడితివి గదన్నా! నిన్ను ఎవురు చావమన్న్యారు? బతికుండి గెలువమంటిమి గాని!"

సుంకన్న లేద్దామని చూశాడు. చేతులు మాట వినలేదు. జీవితంలో మొదటిసారి అతనికి భయమేసింది. ఒంటి మీదే నమ్మకం పెట్టుకున్నవాడికి ఒళ్లు చెప్పిన మాట వినకపోతే కలిగే భయం మామూలుది కాదు.

అప్పుడు కింద నుంచి ఎవరో మాట్లాడారు. ఎర్రచేను!

"లేయొద్దు నాయనా, పండుకో. నా మీద ఎవురన్నా పండుకుని శానా దినాలాయె."

"పండుకుంటే నా మేనల్లుళ్లు పోతారవ్వా," అన్నాడు సుంకన్న.

"ఈ ఎండల్లో నేనేం చేస్తాండాననుకున్నావు?" అంది చేను. "నిరుడు జొన్న పండిస్తి. ఇప్పుడు పగుళ్లిచ్చి పండుకున్నా. చూసినోళ్లందరూ పనిలేని బీడంటారు. అననీ. తొలకరి పడిన నాలుగో దినానికి మొలక ఎత్తిస్తా చూడు! ఆ సత్తవ దున్నేటప్పుడు వచ్చిందనుకుంటివా? ల్యాదు. దున్నినప్పుడు నొప్పే. సత్తవ ఇట్ల పండుకున్నప్పుడే వస్తాది. నూరు తీస్తివి చూడు, ఆ దినం ఆపి పండుకునుంటే ఆ నూరు నీ ఒంట్లోకి ఇంకేది. నువ్వు ఇంకనీయలేదు."

సుంకన్న వింటూ వింటూనే నిద్రపోయాడు. ఎన్ని రోజుల నిద్రో!

మూడు రోజులు కదలలేదు. ఓబుళమ్మ చెదపురుగులు తెచ్చి నోట్లో పెట్టింది. మెడ మీద తుమ్మబంక రాసింది. కొత్త తోలు మెల్లమెల్లగా గట్టిపడింది. నాలుగోరోజు ఈగ ముక్కు మీద వాలింది. పట్! నాలుక దానికదే పనిచేసింది. ఓబుళమ్మ చప్పట్లు కొట్టింది.

ఊరికే పడుకున్నాడు కాబట్టి సుంకన్నకు ఇంకో సంగతి తెలిసింది. అన్నాళ్లూ దండీల హడావిడిలో పడి అతను గాలిని వినలేదు. ఇప్పుడు విన్నాడు. సాయంత్రం గాలి చేను మీదుగా వీస్తోంది. ఊఁ ఊఁ ఊఁ ఊఁ... ఆగింది. మళ్లీ ఊఁ ఊఁ ఊఁ ఊఁ... ఆగింది.

"మ్మే ఓబుళా!" అని కేకేశాడు. "గాలి గూడా అలుపు తీర్చుకుంటాండాది మ్మే!"

ఆరోరోజు మధ్యాహ్నం ఆకాశం ఎర్రబడింది. పడమటి నుంచి దుమ్ము గోడలా లేచింది. ముంగారు గాలి వచ్చేసింది!

"సద్దిబండకు రండి! గాలిపట్టు! గాలిపట్టు!" కౌజుపిట్ట అరుపుకు గుట్టలో ఉన్న ప్రాణులన్నీ బయటికొచ్చాయి.

కంబగిరి బండ మీదికి ఎక్కి గోళ్లు దించింది. ముంజేతులు నిటారుగా చాచి ఒళ్లెత్తింది. ఆనకట్టలా ఉంది. దాని పక్కన సుంకన్న ఎక్కాడు. మెడ కింద ఎర్రటి మచ్చ, వీపు మీద లేచిన తోలు పేలికలు. మిడతలు జాలిగా చూశాయి. వాటిల్లో ఒకటి తల తిప్పేసుకుంది కూడా.

"పట్టండి!"

వచ్చింది గాలి! రాళ్ల సందుల్లో ఈల వేసుకుంటూ వచ్చింది. గులకరాళ్లు దొర్లాయి. సుంకన్న ముంజేతుల మీద లేచాడు. ఒళ్లంతా ఊగింది. గాలి తోస్తే దిగి, మళ్లీ లేచాడు. దిగాడు, లేచాడు. దిగాడు, లేచాడు. నాలుగు తోపులు తోసి గాలి ఊపిరి తీసుకుంది.

ఆ క్షణంలోనే సుంకన్న బరువంతా వెనక కాళ్ల మీద, తోక మీద వేశాడు. చేతులు వదులు చేశాడు. పొట్ట కిందికి జారింది, జారింది, బండకు అంటీ అంటనంత దూరంలో ఆగింది.

"ఓడిపోయె! పొట్ట తగిలె!" అని అరిచింది కంబగిరి.

"ఉండుండు!" కౌజుపిట్ట ఒక గడ్డిపరక నోట కరిచి వచ్చి సుంకన్న పొట్ట కింద దూర్చింది. ఈ పక్క నుంచి దూరి ఆ పక్కకు వచ్చింది పరక. "తగల్లా! సందుండాది! పట్టు సాగనీ!"

మళ్లీ గాలి. లేచాడు, దిగాడు. నాలుగు. మళ్లీ నిలకడ. మళ్లీ గడ్డిపరక. "సందుండాది!"

కంబగిరి మాత్రం ఒక్కసారి కూడా చేతులు వదలలేదు. గాలి వీచినా బిగదీసుకునే ఉంది, ఆగినా బిగదీసుకునే ఉంది. ఉడుం పట్టు కదా! వదలడం దానికి నామోషీ. నెల రోజులూ తీరిగ్గా నిద్రపోయిన ఉడుము, తీరా పోటీనాడు ఒక్క క్షణం కూడా ఆగడం మరిచిపోయింది. దాని పెద్ద ఒళ్లు గాలికి తెరచాపలా అడ్డం పడింది. మోచేతులు వణకడం మొదలయ్యాయి.

"చేతులు వణుకుతాండాయి! ఉడుము చేతులు!" మిడతలన్నీ ఎగిరి గంతేశాయి. తల తిప్పుకున్న మిడత అందరికంటే ఎత్తు ఎగిరింది.

సుంకన్న మెడ మళ్లీ మండుతోంది. పాత గాయం చిట్లుతుందేమో అనిపించింది. ఒక్కసారి పైకి లేచి అట్లాగే నిలబడిపోదామా, నా సత్తా చూపిద్దామా అని మనసు లాగింది. పాత బుద్ధి అంత త్వరగా పోతుందా! అప్పుడు బండ కింద నుంచి చిన్న చప్పుడు వినబడింది. టిక్. టిక్. మట్టిలో ఏదో కదిలింది. ఈసారి నిజంగానే కదిలింది.

సుంకన్న చేతులు వదులు చేశాడు. దిగాడు. కళ్లు మూసుకుని ఊపిరి పీల్చాడు. గడ్డిపరక పొట్ట కింద నుంచి జరజరా పాకింది.

"సందుండాది!"

ఆఖరి గాలి దెబ్బ కొండ పగిలినట్టు వచ్చింది. సుంకన్న లేచాడు. ఒకటి! రెండు! మూడు! నాలుగు!

ధబ్!

సద్దిబండ అదిరింది. కంబగిరి చేతులు రెండు పక్కలకూ జారిపోయి, పొట్ట మొత్తం బండ మీద పరుచుకుంది. గడ్డిపరక కాదు కదా, వెంట్రుక కూడా దూరే సందు లేదు.

"గెలిచె! సుంకన్న గెలిచె!" అని అరిచి అరిచి కౌజుపిట్ట గొంతు బొంగురుపోయింది. ఇప్పటికీ ఆమె గొంతు కొంచెం బొంగురే.

కంబగిరి పొట్ట ఈడ్చుకుంటూ గుట్ట దిగింది. దిగుతూ దిగుతూ ఒకసారి వెనక్కి తిరిగి, "ఆగేది యాడ నేర్చుకుంటివిరా?" అని అడిగింది.

"కిందపడి," అన్నాడు సుంకన్న.

ఓబుళమ్మ అన్న మెడ పట్టుకుని నవ్వుతూ ఏడ్చింది. అప్పుడే వాన మొదలైంది. కింద ఎర్రచేను గుప్పుమని వాసన వేసింది.

వానలు పడి చేలో జొన్న మోకాలెత్తు లేచిన రోజుల్లో బండ కింద మట్టి పగిలింది. పదకొండు తలలు వరుసగా బయటికొచ్చాయి. పదకొండు జతల కళ్లు మేనమామను చూశాయి. సుంకన్న సంతోషం పట్టలేక నాలుగు దండీలు తీశాడు. తీసి ఆగాడు. కదలకుండా ఊపిరి పీల్చుకున్నాడు.

పదకొండు పిల్లలూ నాలుగేసి దండీలు తీశాయి. తీసి ఆగాయి.

సుంకన్న మెడ గాయం మానింది కానీ ఎరుపు పోలేదు. వీపు మీద పేలికలు ఎండి ముళ్ల వరుసగా మిగిలిపోయాయి. ఎవరైనా అడిగితే దాచకుండా చెప్పేవాడు. "ఇది ఉడుము చేసింది కాదు. నాకు నేనే చేసుకున్నా," అనేవాడు.

అప్పటినుంచే తొండ మెడ మీద ఎరుపు, వీపు మీద ముళ్లు. అప్పటినుంచే ఉడుము పొట్ట నేలకు దగ్గరగా పెట్టుకుని నడుస్తుంది. గోడ మీద తొండ తల ఆడిస్తే, వెక్కిరిస్తోందని రాయి తీస్తారే మీరు! రాయి కింద పడేయండి. కాసేపు నిలబడి లెక్కపెట్టండి. లేస్తుంది, దిగుతుంది, లేస్తుంది, దిగుతుంది. సరిగ్గా నాలుగుసార్లు. తర్వాత ఎంత తొందరున్నా సరే, కదలకుండా ఆగుతుంది. మేనమామ నేర్పిన ఆ ఆగడాన్ని తొండలు ఇప్పటికీ మరిచిపోలేదు.